మంచు ఎత్తు కొలిచేటప్పుడు ముందు వాలు చూడండి

హన్మకొండలో ఎండాకాలం, మేడ మీద ఫ్యాను కింద కూర్చుని గ్రీన్‌లాండ్ మంచు ఎత్తు మొదటిసారి లెక్కగట్టాను. జవాబు పాతిక మీటర్లకు పైనే ఎక్కువ వచ్చింది. తప్పు క్రయోశాట్-2 ఉపగ్రహానిది కాదు, నాదే.

అసలు లెక్క సులువే. ఉపగ్రహం సుమారు 717 కిలోమీటర్ల ఎత్తు నుంచి రాడార్ తరంగం పంపుతుంది. అది వెళ్లి రావడానికి పట్టిన సమయంలో సగాన్ని కాంతి వేగంతో గుణిస్తే దూరం. ఉపగ్రహం ఎత్తులోంచి ఆ దూరం తీసేస్తే మంచు ఎత్తు. సమయంలో ఒక్క నానోసెకను తేడా వస్తే 15 సెంటీమీటర్లు పోతాయి. గాలి వల్ల తరంగానికి అయ్యే ఆలస్యాన్ని సరిచేసే విలువలు ఉపగ్రహ డేటా ఫైలులోనే ఉంటాయి, మరవకుండా కలపండి.

నేను ఇరుక్కుంది వాలు దగ్గర. పద్మాక్షి గుట్ట పక్కన నేల మీద నిలబడ్డారనుకోండి. సరిగ్గా మీ నెత్తి మీద ఉన్న ఉపగ్రహానికి మీకంటే ముందు గుట్ట నుంచే జవాబు, అంటే తగిలి తిరిగొచ్చే తరంగం, వెళ్తుంది, అదే దగ్గర కనుక. మంచు మీదా అంతే. వాలు అర డిగ్రీ ఉన్నా చాలు, జవాబిచ్చిన చోటు ఆరు కిలోమీటర్లు ఎగువన ఉంటుంది, ఎత్తులో 27 మీటర్ల తేడా వస్తుంది. అందుకే ఎల్1బీ ఫైలుతో (ఇంకా ఎత్తు లెక్కగట్టని తరంగాల డేటా) మొదలుపెట్టేవాళ్లు ఆ ప్రాంతపు ఎత్తుల పటం ఒకటి దగ్గర పెట్టుకుని, జవాబు వచ్చిన అసలు చోటుకు బిందువును జరపాలి. ఎల్2 ఫైలులో (ఎత్తు లెక్కగట్టి ఇచ్చేది) ఈ పని చేసే ఇస్తారు. కొత్తవాళ్లు అక్కడ మొదలుపెడితే టెన్షన్ తక్కువ.

రెండో చిక్కు మెత్తటి మంచు. మా బాపుతో ఎనుమాముల మార్కెట్‌కు వెళ్లినప్పుడు చూసేవాణ్ని, పత్తి కుప్పలో కర్ర గుచ్చితే ఎంత లోపలికి దిగేదో. చలికి పొడిబారిన మంచులో క్రయోశాట్-2 పంపే కేయూ బ్యాండు (రాడార్ తరంగాల్లో ఒక రకం) తరంగం కూడా అలాగే కొన్ని మీటర్లు దిగుతుంది. 2013లో శ్రీహరికోట నుంచి వెళ్లిన సరళ్ ఉపగ్రహంలోని ఆల్టికా అనే రాడార్ పరికరం కేఏ బ్యాండు (ఇంకా పొట్టి తరంగాల రకం) వాడింది, అది అంత లోతుకు పోదు.

2012 జూలైలో గ్రీన్‌లాండ్ పైభాగం దాదాపు అంతా కరిగి మళ్లీ గడ్డకట్టింది. ఆ గట్టి పొరే తరంగాన్ని పైనుంచే వెనక్కి కొట్టడంతో, డేటాలో మంచు పెరిగినట్టు కనిపించింది! అలాంటి ఏడాది వచ్చినప్పుడు, తిరిగొచ్చిన తరంగం ఆకారం గీసి చూడకుండా ఎత్తు పెరిగిందని రాయొద్దు.

ఆ ఆకారంలో ఉపరితలం ఎక్కడ మొదలైందో తేల్చే పద్ధతిని రీట్రాకర్ అంటారు. ఏ పద్ధతి వాడినా ఫర్వాలేదు, కానీ అన్ని సంవత్సరాలకూ అదే ఉండాలి. నేనొకసారి మధ్యలో మార్చి వారం రోజులు పోగొట్టుకున్నాను. ఇప్పుడు ఫోల్డరు పేరులోనే రీట్రాకర్ పేరు రాసుకుంటున్నాను.