కర్నూలు నుంచి మలక్‌పేటకు: గుర్రప్పందేల మైదానంలో ఒక రోజు

కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో ఎక్కడా గుర్రప్పందేల మైదానం లేదు కనుక, పందెం కళ్లారా చూడాలనుకునే మనవారికి పొరుగు రాష్ట్ర ప్రయాణం తప్పదు. కర్నూలు వారికి హైదరాబాదులోని మలక్‌పేట, అనంతపురం వారికి బెంగళూరు దగ్గర. రెండూ 44వ నంబరు జాతీయ రహదారి వెంబడి రెండు వందల కిలోమీటర్లకు కాస్త పైబడిన దూరమే. కడప వారికి రెండూ దూరమే కాబట్టి ముందు రోజు రాత్రే బయలుదేరడం మేలు. నాకు అలవాటైనది మలక్‌పేట. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో, 1886లో, పందేలు మౌలాలి నుంచి అక్కడికి మారాయి.

ఊళ్లోనే ఉండి ఫోనులో పందెం కాయించుకుంటామనే వారు ఎప్పుడూ ఉంటారు. వారి జోలికి పోకూడదు. గుర్రప్పందెం నైపుణ్యంతో కూడిన ఆట అని సుప్రీంకోర్టు 1996లో చెప్పిన మాట నిజమే గానీ, చట్టం ఇచ్చే వెసులుబాటు మైదానం ఆవరణలో, అనుమతి ఉన్న కౌంటరు దగ్గర కాసే పందేనికి చెందినది. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో జూద చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించారు. పైగా ఫోనులో కాసేవాడికి గుర్రం కనబడదు, అసలు చూడవలసినదే అది.

మలక్‌పేటలో వర్షాకాలం పందేలు, చలికాలం పందేలు అని రెండు సీజన్లు ఉంటాయి. దక్కన్ డెర్బీ అనే పెద్ద పందెం సాధారణంగా అక్టోబరు 2న జరుగుతుంది. తొలిసారి వెళ్లేవారు డెర్బీ రోజున వెళ్లకపోవడమే మంచిది, ఎందుకంటే ఆ జనంలో గుర్రాన్ని దగ్గరగా చూసే అవకాశం దొరకదు. మామూలు పందేల రోజు ఏదో ముందే తెలుసుకుని తెల్లవారుజామున బస్సెక్కితే, మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లో దిగి మెట్రోలో తరువాతి స్టేషనుకే మలక్‌పేట చేరవచ్చు.

డబ్బు విషయం ఇంట్లోనే తేల్చుకోవాలి. తిరుగు టికెట్టు ముందే కొని, పోయినా బాధ లేదనుకున్న మొత్తాన్ని మాత్రమే జేబులో పెట్టుకుని, ఏటీఎం కార్డు ఇంట్లో వదిలి వెళ్లాలి. నేను ఆ మొత్తాన్ని పందేల సంఖ్యను బట్టి భాగాలు చేసి, ఒక్కో భాగాన్ని ఒక్కో పాత పెళ్లిపత్రిక కవరులో పెట్టుకుంటాను. చూసేవారికి నవ్వు వస్తుంది గానీ, మూడో పందెంలో పోయిన డబ్బు కోసం ఏడో పందెం కవరు చించడానికి చేయి రాదు.

గేటు దగ్గర కొనే రేస్ బుక్‌ను తీరికగా చదవాలి. ప్రతి గుర్రం పేరు పక్కన వయసు, తల్లిదండ్రులు, మోసే బరువు, జాకీ (స్వారీ చేసే రౌతు), ట్రైనర్, ఇటీవలి పందేల్లో వచ్చిన స్థానాలు అంకెల్లో ఉంటాయి. మన బండలాగుడు పోటీల్లో రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అని ఎద్దులను విభాగాలు చేసినట్లే ఇక్కడా వయసును, సామర్థ్యాన్ని బట్టి తరగతులు ఉంటాయి. కాకపోతే ఏ నెలలో పుట్టిన గుర్రానికైనా వయసు జనవరి 1 నుంచే లెక్కిస్తారు. హ్యాండిక్యాప్ పందెంలో మంచి గుర్రానికి ఎక్కువ బరువు, బలహీనమైన దానికి తక్కువ బరువు వేసి అందరినీ సమానం చేయాలని చూస్తారు. అందువల్ల కిందటిసారి గెలిచింది కదా అని కాయడం కన్నా, అప్పటికన్నా ఇప్పుడు ఎన్ని కిలోలు ఎక్కువ మోస్తున్నదో, దూరం 1200 మీటర్లా 2000 మీటర్లా అన్నది చూసుకోవడం ఉపయోగం. పొట్టి పందెంలో మొదటినుంచీ ఉరికే గుర్రం పొడుగు పందెం చివర్లో ఊపిరి అందక వెనకబడడం తరచుగా కనిపిస్తుంది.

తరువాత ప్యాడక్ దగ్గరికి వెళ్లాలి. పందేనికి ముందు గుర్రాలను సాకే సైసులు వాటిని అక్కడ గుండ్రంగా నడిపిస్తారు. ఆదోని సంతలో ఎద్దు బేరం చేసిన వారికి ఇక్కడ కొత్తగా నేర్చుకోవలసినది ఎక్కువ లేదు. నడకలో వెనక కాలు ముందు కాలి అడుగును దాటి పడుతున్నదా, ఒంటి మీద నిగనిగ ఉందా, పిర్రల్లో కండ గట్టిగా ఉందా, చెవులు ముందుకు నిలబడ్డాయా అన్నవి చూడాలి. పగ్గం రాసుకునే చోట మెడ మీద, వెనక తొడల మధ్య తెల్లటి నురగ కట్టి ఉంటే, అది ఇంకా పరుగెత్తక ముందే సగం శక్తి కంగారులో ఖర్చు చేసుకున్న గుర్రం అని నేను అనుకుంటాను. ఎండ మండిపోయే రోజున మాత్రం అన్నిటికీ చెమట పడుతుంది కాబట్టి పక్క గుర్రాలతో పోల్చి చూడాలి. చెవిలో టిప్ చెప్పే మనిషి మనల్ని వెతుక్కుంటూ వచ్చేది కూడా ఇక్కడికే.

కాసే విధానాల్లో కొత్తవారికి రెండు చాలు: మొదట వస్తుందని కాసే విన్, మొదటి రెండు మూడు స్థానాల్లో ఉంటుందని కాసే ప్లేస్. వరుసగా మూడు స్థానాలు సరిగా చెప్పే తనాలా, వరుస పందేల విజేతలందరినీ చెప్పే జాక్‌పాట్ ఊరించేవే గానీ, తొలిరోజు వాటి జోలికి పోనక్కర లేదు. టోట్‌లో, అంటే క్లబ్బు నడిపే పందెపు కౌంటరులో, అందరి డబ్బూ ఒక రాశిలో పడుతుంది. విన్ రాశి లక్ష రూపాయలు అయిందనీ, పన్ను, క్లబ్బు వాటా పోగా పంచడానికి 60 వేలు మిగిలిందనీ, గెలిచిన గుర్రం మీద టికెట్ల మొత్తం 20 వేలనీ అనుకుంటే, పది రూపాయల టికెట్టుకు ముప్పై వస్తుంది. అదే గుర్రం మీద 60 వేలు పడి ఉంటే గెలిచినా పెట్టిన పదే తిరిగి వస్తుంది. అందువల్ల అందరూ కాసే ఫేవరెట్ మీద టోట్‌లో మిగిలేది కొంచెమే. లైసెన్సు ఉన్న బుకీ (సొంతంగా పందేలు తీసుకునే వ్యాపారి) దగ్గరైతే మనం కాసిన నిమిషంలో బోర్డు మీద ఉన్న రేటు, అంటే గెలిస్తే రూపాయికి ఎంత ఇస్తారన్నది, మనకు ఖాయం. టోట్ రేటు పందెం మొదలయ్యే వరకూ కదులుతూనే ఉంటుంది. ఏ కౌంటరులోనైనా పందెం నంబరు, గుర్రం నంబరు, మొత్తం ఈ వరుసలో స్పష్టంగా చెప్పి, టికెట్టు చేతికి వచ్చాక పక్కకు జరగక ముందే సరిచూసుకోవాలి.

టికెట్టు చించే విషయంలో నాది చేదు అనుభవం. నా గుర్రం రెండోదిగా వచ్చిందని విసుగుతో టికెట్టు చించి పారేశాను. అయిదు నిమిషాలకు అభ్యంతరం వచ్చిందని ప్రకటించారు. మొదటి గుర్రం చివరి మలుపులో అడ్డం వచ్చిందని తేల్చి, నాదాన్ని విజేతగా ప్రకటించారు. మెట్ల కింద వేరుశనగ పొట్టులో, వందలాది చిరిగిన టికెట్ల మధ్య మోకాళ్ల మీద కూర్చుని వెతికితే దొరికింది ఒక ముక్కే, అందులో నంబరు లేదు. జాకీలు తిరిగి బరువు తూగి, ఫలితం అధికారికంగా ప్రకటించే వరకూ ఓడిన టికెట్టయినా జేబులోనే ఉండాలి.

పన్నును మరవకూడదు. పందెం మొత్తం మీద 28 శాతం ఉన్న జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతం అయింది. గెలుపు పది వేలు దాటితే 30 శాతం ఆదాయపు పన్ను పట్టుకుని ఇస్తారు. ఓడిన టికెట్లను ఖర్చుగా చూపి దాన్ని తగ్గించుకునే వీలు లేదు. పాన్ కార్డు దగ్గర ఉంచుకోవాలి.

చివరి పందేనికి ముందు మైదానంలో గొంతులు పెరుగుతాయి, ఎందుకంటే పొద్దుటినుంచి పోయిందంతా ఒక్కసారిగా రాబట్టుకోవాలనుకునే వారు పెద్ద రేటున్న బక్క గుర్రాల మీద పడతారు. నేను ఆ పందెం కవరు విప్పను. అది ముగిసేలోపే గేటు దాటితే మెట్రోలో నిలబడడానికి చోటు దొరుకుతుంది, రాత్రి పదకొండు లోపు కర్నూలు బస్టాండులో దిగవచ్చు.