పాత మాన్యువల్ లెన్స్‌తో తీసిన ముఖాలు పాలిపోతున్నాయా? ముందు లోపలికి టార్చ్ వేసి చూడండి

పోర్ట్రెయిట్ల కోసం సెకండ్‌హ్యాండ్ మాన్యువల్ ఫోకస్ లెన్స్ కొన్నవాళ్లు చెప్పే ఫిర్యాదులు నాలుగైదుకు మించవు. కళ్లు షార్ప్‌గా రావు, దూరం ఫోకస్ కాదు, ముఖం పాలిపోతుంది, రంగు పసుపు కొడుతుంది. చాలావరకు ఇవన్నీ కొనేముందు ఒక్క నిమిషం కేటాయిస్తే తెలిసిపోయేవే. బయటి గీతలు చూస్తారు, ముందు గాజు చూస్తారు, ఫోకస్ రింగ్ తిప్పి చూస్తారు. టార్చ్ మాత్రం వెయ్యరు. ఎన్నిసార్లు చెప్పినా వెయ్యరు.

కళ్లు షార్ప్‌గా రావడం లేదు

దీనికి ముందే లెన్స్‌ను తప్పుపట్టకండి. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకు 85 ఎం.ఎం. లెన్స్ పెట్టి, ఎఫ్/2 దగ్గర (ఎఫ్ పక్క అంకె ఎంత చిన్నదైతే వెలుతురు వచ్చే రంధ్రం, అంటే అపర్చర్, అంత పెద్దది) మీటరున్నర దూరం నుంచి తీస్తే షార్ప్‌గా ఉండే మందం సుమారు 4 సెంటీమీటర్లు. ఎఫ్/1.4 అయితే 3 కూడా ఉండదు. ఫోకస్ చేశాక మీరు కాస్త ముందుకు ఊగినా, ఎదుటి మనిషి తల కాస్త వాల్చినా కన్ను దాటిపోతుంది. పైగా డీఎస్ఎల్ఆర్‌లతో వచ్చే మామూలు ఫోకసింగ్ స్క్రీన్ మీద, లెన్స్ ఎఫ్/1.4 అయినా సరే, షార్ప్‌గా ఉండే మందం ఎఫ్/2.8లో ఉన్నంత ఎక్కువగా కనిపిస్తుంది. వ్యూఫైండర్‌లో సరిగ్గా కుదిరిందనుకున్నది ఫొటోలో తప్పడానికి కారణం అదే. కెమెరాను ట్రైపాడ్ మీద పెట్టి, అచ్చు కాగితాన్ని ఏటవాలుగా నిలబెట్టి, లైవ్ వ్యూలో పది రెట్లు పెద్దది చేసి ఫోకస్ చేయండి. అక్కడ అక్షరాలు తేటగా వస్తే లెన్స్ బాగానే ఉంది. మనుషుల్ని కూడా అలాగే పెద్దది చేసి, రెప్పవెంట్రుకల మీద ఫోకస్ చేసి తీయండి. ఫోకస్ కుదిరిన చోట తెర మీద వచ్చే ఫోకస్ పీకింగ్ రంగు గీతల్ని నమ్ముకుని ఎఫ్/2లో తీయొద్దు.

పూర్తిగా తెరిచినప్పుడు కన్ను షార్ప్‌గా ఉండి, ఎఫ్/2.8కి తగ్గించగానే చెవి షార్ప్‌గా వస్తోందా? అది ఫోకస్ షిఫ్ట్. సొనార్ (జైస్ కంపెనీ పాత డిజైన్) తరహా లెన్సుల్లో ఎక్కువగా కనిపిస్తుంది. జైస్ సి సొనార్ 50 ఎం.ఎం. ఎఫ్/1.5కి ఈ గుణం ఉందని అందరికీ తెలిసిందే. రిపేరు చేయించేది ఏమీ లేదు. ఏ అపర్చర్‌లో తీస్తారో ఆ అపర్చర్‌లోనే ఫోకస్ చేయండి.

దూరం ఫోకస్ కావడం లేదు

పాత లెన్స్‌ను కెమెరాకు బిగించే అడాప్టర్ లెక్క చూసుకోండి. ఎం42 (పాత స్క్రూ మౌంట్) లెన్స్ సెన్సర్‌కు 45.46 ఎం.ఎం. దూరంలో ఉండాలి, నికాన్ ఎఫ్ మౌంట్ దూరమే 46.5. అంటే ఆ జోడీలో గాజు లేని అడాప్టర్‌తో ఇన్ఫినిటీ, అంటే చాలా దూరంలోది, ఫోకస్‌లోకి రాదు. గాజు ఉన్న అడాప్టర్‌తో వస్తుంది గానీ చవకబారువి బొమ్మను పాడుచేస్తాయి. మీరు తీసేది ముఖాలే కాబట్టి గాజు లేనిది వాడుకోండి, రెండు మూడు మీటర్ల దాకా పనికొస్తుంది. మిర్రర్‌లెస్ కెమెరాల్లో ఈ బాధే లేదు.

ముఖం పాలిపోతోంది, నలుపు నలుపుగా రావడం లేదు

నన్ను బాగా ఏడిపించింది ఇది. వెలుతురు మీ వెనక నుంచి పడుతున్నంతసేపూ లెన్స్ చక్కగానే తీస్తుంది. మనిషి వెనక కిటికీయో ఆకాశమో వచ్చిందంటే నల్లటి జుట్టు బూడిదరంగుకు తిరుగుతుంది, ముఖం మీద పల్చటి మజ్జిగ పోసినట్టుంటుంది. కంప్యూటర్‌లో కాంట్రాస్ట్ పెంచితే చర్మం మరకలు తేలుతుంది.

ముందు లెన్స్‌తో పాటు వచ్చిన పాత యూవీ ఫిల్టర్ తీసేయండి. వెనక గాజు మీద వేలిముద్ర ఉంటే తుడవండి. పక్క వెలుతురు పడకుండా ముందు బిగించే హుడ్ పెట్టండి. అయినా మారకపోతే అదే మనిషిని, అదే వెలుతురులో, అపర్చర్ పూర్తిగా తెరిచి ఒకటి, ఎఫ్/5.6లో ఒకటి తీయండి. పాత లెన్సులు పూర్తిగా తెరిస్తే వెలుగు అంచుల చుట్టూ మెత్తటి కాంతి పూస్తాయి. అది స్ఫెరికల్ అబెరేషన్ (గాజు అంచుల గుండా వచ్చే కిరణాలు మధ్యవాటితో ఒకే చోట కలవకపోవడం), డిజైన్‌లోనే ఉంటుంది, పోర్ట్రెయిట్లకు దాన్ని కోరి కొనేవాళ్లూ ఉన్నారు. కాస్త తగ్గిస్తే, ఎఫ్/4 వచ్చేసరికి దాదాపు పోతుంది. ఎఫ్/5.6లో కూడా ముఖం మీది ఆ పొర పోలేదంటే లెన్స్ లోపల హేజ్, అంటే గాజు మీద పల్చటి తెల్లటి పొర, పట్టింది.

నేను కొన్న ఒక 85 ఎం.ఎం. లెన్స్‌ను కిటికీకి ఎదురుగా పట్టుకుని చూస్తే నీళ్లలా తేటగా ఉండేది. గాజు మీద మెరుపులు తగ్గించే పూత, ఆ పాత కోటింగు ఇంతేలే అనుకున్నాను. పెద్ద హుడ్ కొన్నాను. మనిషిని కిటికీకి దూరంగా కూర్చోబెట్టడం అలవాటు చేసుకున్నాను. రెండేళ్లు అలాగే గడిచాయి. ఒక రాత్రి చీకటి గదిలో టార్చ్ వెలుగు దాని మీద ఏటవాలుగా పడింది. అపర్చర్ బ్లేడ్ల (ఆ రంధ్రాన్ని పెద్దదీ చిన్నదీ చేసే రేకుల) వెనక గాజు మొత్తం, అద్దం మీద ఊపిరి ఊదినట్టు తెల్లగా వెలిగింది. ఆ రెండేళ్లలో తీసిన ముఖాలు తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

హేజ్ వెలుతురును ఆపదు, చెదరగొడుతుంది. ఎదురుగా కిటికీ అంత వెలుగు ఉన్నప్పుడు ఆ చెదిరిన కొద్దిపాటిది కంటికి ఆనదు. ఎక్కువసార్లు దాని మూలం గ్రీజు. ఫోకస్ రింగ్ కింద మరల్లో వేసిన గ్రీజు ఏళ్లు గడిచేకొద్దీ నూనె వదులుతుంది. ఆ నూనె బ్లేడ్ల మీదికి పాకి, అక్కడి నుంచి ఆవిరై పక్క గాజుల మీద పొరలా దిగుతుంది. అందుకే బ్లేడ్లకు ఆనుకుని ఉన్న గాజులే ముందు పాడవుతాయి, మనం చూసే ముందు గాజు మెరుస్తూనే ఉంటుంది.

పరీక్ష ఇలా చేయండి. గది చీకటి చేసి, రెండు మూతలూ తీసి, అపర్చర్ పూర్తిగా తెరవండి. బ్లేడ్లు మూసి ఉంటే మధ్యలో చిన్న ముక్కే కనిపిస్తుంది, అంచుల్లో ఉన్నది దాగిపోతుంది. టార్చ్ వెనక నుంచి వేసి ముందు నుంచి చూడండి, దీపం నేరుగా కంట్లో పడకుండా లెన్స్‌ను కాస్త వంచండి. తర్వాత అటూ ఇటూ మార్చి చూడండి. దుమ్ము చుక్కలు ప్రతి పాత లెన్స్‌లోనూ ఉంటాయి, వదిలేయండి. సాలెపోగుల్లా పాకి ఉంటే ఫంగస్. గాజంతా ఒకే తీరున తెల్లబారితే హేజ్. చివరగా బ్లేడ్లు మూసి చూడండి, తడిగా మెరుస్తున్నా, మీట వదలగానే టక్కున వెనక్కి రాకపోయినా, ఈరోజు హేజ్ లేకున్నా రేపు వస్తుంది. దూరం నుంచి కొంటుంటే టార్చ్ వేసిన ఫొటో పంపమని అడగండి. పంపనంటే ఆ లెన్స్ వదులుకోండి.

నూనె పొరే అయితే తుడిస్తే పోతుంది. చాలా లెన్సుల్లో వెనక గాజుల గ్రూపు లెన్స్ స్పానర్‌తో తిప్పితే మొత్తంగా బయటికొస్తుంది. ఏ గాజు ఎటు తిరిగి ఉందో ప్రతి అడుగులో ఫొటో తీసుకోండి, లెన్స్ టిష్యూకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది తుడవండి. ఫోకస్ హెలికాయిడ్ (ఫోకస్ రింగ్ కింది మరలు) జోలికి వెళ్లకండి, ఏ మర దగ్గర విడిపోయిందో గుర్తులేకపోతే ఫోకస్ కుదరదు. ఆ పని మెకానిక్‌కు ఇచ్చి, పాత గ్రీజు మార్పించండి, బ్లేడ్లు పూర్తిగా పొడిగా చేయించండి. గాజు తుడిచి బ్లేడ్ల నూనె వదిలేస్తే హేజ్ మళ్లీ వస్తుంది, నాకు అలా ఒకసారి జరిగింది. ఎంత తుడిచినా తెలుపు పోకపోతే హేజ్ కోటింగును తినేసిందన్నమాట. రెండు గాజులు అతికించిన చోట లోపల ఉన్నా అంతే. అప్పుడు వెనక్కి ఇచ్చేయండి.

మిగతావి

రంగు పసుపు కొడితే, సూపర్ తకుమార్ 50 ఎం.ఎం. ఎఫ్/1.4 లాంటి థోరియం (ఏళ్లు గడిచేకొద్దీ గాజును పసుపు చేసే రేడియోధార్మిక లోహం) కలిసిన గాజు లెన్స్ ఏమో చూడండి. కొన్ని రోజులు అతినీలలోహిత దీపం కింద పెడితే చాలావరకు తేటపడుతుంది, లేదంటే వైట్ బ్యాలెన్స్ సరిచేసుకోండి. గాజు అంచు దగ్గర ఇంద్రధనుస్సు రంగులు తేలితే రెండు గాజుల అతుకు విడిపోయింది, కొనొద్దు. ముందు గాజు మీద ఒకటి రెండు సన్నటి గీతలుంటే ధర తగ్గించమనండి, ఫొటోలో కనిపించవు. బొమ్మలో ఒక పక్కే మసకగా ఉంటే ఎవరో విప్పి గాజు వంకరగా బిగించి ఉంటారు. ఇది అరుదు.