టైరు సైజు, గాలి: నా కారుకు కుదిరిన లెక్క

కొత్త టైర్లు వేసిన దగ్గర్నుంచి స్పీడ్ బ్రేకర్లకు కారు అడుగు తగులుతోంది, ట్రెడ్ (టైరులో రోడ్డుకు ఆనే భాగం) మధ్యలోనే అరుగుతోంది, మీటరు 100 చూపిస్తుంటే ఫోన్ జీపీఎస్‌లో 92 దాటడం లేదు. అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్, సస్పెన్షన్ బుష్‌లు, ఏదీ ఫలించలేదు.

డ్రైవర్ డోరు తీస్తే పిల్లర్ మీద స్టిక్కర్ ఉంది: 165/80 ఆర్14. అంటే వెడల్పు 165 మి.మీ., పక్క గోడ ఎత్తు అందులో 80 శాతం, రిమ్ 14 అంగుళాలు. టైరు పక్క గోడ మీద 175/65 ఆర్14. రిమ్ సైజు ఒకటే కాబట్టి ఎక్కేసింది. చక్రం మొత్తం వ్యాసం లెక్క ఇదీ: వెడల్పు × శాతం × 2, దానికి రిమ్ అంగుళాలు × 25.4 కలపాలి. మొదటిది 619.6 మి.మీ., రెండోది 583.1. అంటే చక్రం దాదాపు 6 శాతం చిన్నది, కారు 18 మి.మీ. కిందికి దిగింది. లోడ్ ఇండెక్స్ (టైరు ఎంత బరువు మోస్తుందో చెప్పే కోడ్ అంకె) కూడా 85 నుంచి 82కు పడింది, ఒక్కో టైరు మోసే బరువు 515 కిలోల నుంచి 475కు. అసలు భయపడాల్సింది దీనికే.

185/70 ఆర్14 వేయిస్తే 614.6 వచ్చింది, లోడ్ ఇండెక్స్ 88.

తర్వాత గాలి. పంక్చర్ షాపులో అడక్కుండానే 40 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) కొట్టేవారు, మధ్యలో అరిగింది అందుకే. రాత్రంతా ఆగి ఉన్న బండికి, పొద్దున్నే, కదపకముందే, సొంత గేజ్‌తో స్టిక్కర్‌లో ఉన్న 32 పీఎస్‌ఐ పెట్టాను. హైవే మీద నడిచాక 35, 36 చూపిస్తుంది. అది వేడికి పెరిగింది, తీసేయొద్దు.

ఇది 5 అంగుళాల వెడల్పు రిమ్‌కు కుదిరింది. మీ రిమ్ ఇంకా ఇరుకైతే 185 సరిపడకపోవచ్చు. నిండా మనుషులు, సామాను ఉంటే వెనక టైర్లకు స్టిక్కర్‌లో వేరే అంకె ఉండొచ్చు, అదే పెట్టండి.