స్టెఫైలోకాకస్‌పై ఫేజ్ ఎంజైము పనిచేస్తోందో లేదో తేల్చుకునే పద్ధతి

బాక్టీరియాలో పెరిగిన ఫేజ్ (బాక్టీరియాకు సోకే వైరస్) సంతానం బయటపడటానికి కణ గోడను లోపలినుంచి కోసే ఎంజైమే ఎండోలైసిన్. స్టెఫైలోకాకస్ ఆరియస్‌కు గోడను కప్పే బయటి పొర లేదు కాబట్టి ఆ ఎంజైమును శుద్ధి చేసి బయటినుంచి కలిపినా గోడ తెగుతుంది. ఫేజ్ కే నుంచి వచ్చిన లైస్‌కే ఇలాంటిదే. గోడలోని ఐదు గ్లైసిన్ల వంతెన దగ్గర అది కోత పెడుతుంది. గుంటూరు, విజయవాడల్లో ఎంఎస్సీ ప్రాజెక్టుకు దీన్ని ఎంచుకునేవారు రోగి నమూనాతో కాక, ఏటీసీసీ 25923 (కల్చరు భాండారంలో దొరికే ప్రామాణిక స్టెఫైలోకాకస్) వంటి తెలిసిన స్ట్రెయిన్‌తో మొదలుపెట్టడం మేలు.

కల్చరు ఓడీ (ద్రవం కాంతిని ఎంత అడ్డుకుంటుందో చెప్పే అంకె) 600 నానోమీటర్ల వద్ద 0.5 దాటగానే సెంట్రిఫ్యూజ్ చేసి, కణాలను పీహెచ్ 7.5 ఉన్న ట్రిస్ బఫర్‌తో రెండుసార్లు కడిగి, అదే బఫర్‌లో ఓడీ 1.0కు సరిచేయాలి. లైస్‌కే కోత భాగానికి కాల్షియం అవసరం, ఫాస్ఫేట్ బఫర్ దాన్ని అవక్షేపంగా పట్టేస్తుంది, అందుకే ట్రిస్. ఎంజైమును మంచులోనే ఉంచాలి. మే నెలలో మన ‘గది ఉష్ణోగ్రత’ పుస్తకాల్లోని 25 డిగ్రీలు కాదు గనుక చర్యను 37 డిగ్రీల వద్దే జరిపి, అరగంటపాటు నిమిషానికోసారి ఓడీ రాసుకోవాలి. పోలిక కోసం పక్కనే బఫర్ మాత్రమే కలిపినది, మరిగించిన ఎంజైము కలిపినది, ఈడీటీఏతో కాల్షియం తీసేసినది తప్పక నడపాలి.

ఓడీ తగ్గినంత మాత్రాన కణాలు కరిగినట్టు కాదు. ఒకసారి మా ట్యూబులో ఓడీ సగానికి పడిపోతే సంబరపడ్డాం. తీరా చూస్తే అడుగున కందిగింజంత తెల్లటి ముద్ద ఉంది, వోర్టెక్స్ యంత్రంపై కుదపగానే అంకె మళ్లీ పైకెక్కింది. కణాలు గుంపుకట్టి కిందికి దిగాయంతే. అందుకే ప్రతి కొలతకు ముందు ట్యూబును కలపాలి, చివర్లో ఒక చుక్కకు గ్రామ్ స్టెయిన్ అనే రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూడాలి.

బతికిన కణాలెన్నో తెలియడానికి కాలనీలు లెక్కించేటప్పుడు ముందు ఈడీటీఏ కలిపి చర్యను ఆపి, వెంటనే పలుచన చేయాలి; లేకుంటే ప్లేటు మీద కూడా ఎంజైము పని సాగిస్తూ ఫలితాన్ని గొప్పగా చూపిస్తుంది. ఎంఐసీ (పెరుగుదలను ఆపే అతి తక్కువ మోతాదు) కొలవడానికి మామూలు ముల్లర్ హింటన్ పెంపక ద్రవం అన్ని ఎండోలైసిన్లకూ సరిపడదు. ఎక్సెబకేస్ అనే ఎండోలైసిన్ మందు కోసం అందులో 25 శాతం గుర్రపు సీరం, 0.5 మిల్లీమోలార్ డీటీటీ అనే రసాయనం కలుపుతారు. అన్నట్టు, ఆ మందు మూడో దశ ప్రయోగాన్ని 2022లో ప్రయోజనం తేలే అవకాశం లేదని మధ్యలోనే ఆపేశారు. కాబట్టి ట్యూబులో వచ్చిన ఫలితాన్ని చూసి పుండు మీద ప్రయత్నించడం తగదు.

పని ముగిశాక ట్యూబులు, ప్లేట్లు 121 డిగ్రీల వద్ద ఆటోక్లేవ్ చేయాలి. మధ్యలో కరెంటు పోతే సమయాన్ని మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టాలి.