కోకోలిత్ నడుమ రంధ్రం: స్లైడు తయారీలో చేసిన సవరణ

తమిళనాడులోని అరియలూరు ప్రాంతపు క్రెటేషియస్ (డైనోసార్ల చివరి యుగం) కాలపు మట్టిరాయిలో ఉండే కోకోలిత్‌లను, అంటే సముద్రంలో తేలే ఏకకణ శైవలాల ఒంటిమీది సున్నపు పలకలను, నల్లగొండలోని మా కళాశాల ప్రయోగశాలలో వర్ణిస్తున్నప్పుడు, వాట్జ్‌నావేరియా బార్నేసియే అనే జాతిని పోలిన కొన్ని పలకల నడుమ వెడల్పైన రంధ్రం కనిపించింది. ఆ జాతిలో మధ్యభాగం మూసుకుపోయి గానీ సన్నని సందుగా గానీ ఉంటుంది కాబట్టి, దీన్ని కొత్త జాతిగా రాయవచ్చని తోటివారు ఉత్సాహపడ్డారు.

నాకు మాత్రం రంధ్రపు అంచు నచ్చలేదు. వెయ్యి రెట్ల వృద్ధిలో, నూనె కటకం కింద, క్రాస్డ్ పోలరైజర్ల (ఒకదానికొకటి అడ్డంగా పెట్టిన కాంతి వడపోతల) మధ్య చూస్తే ఆ అంచు ఎవరో కొరికినట్లు వంకరటింకరగా ఉంది.

కారణం నీళ్లలో ఉంది. మా బోరు నీటితో స్లైడు చేస్తే, ఆరాక మిగిలే లవణ స్ఫటికాలు అదే కాంతిలో మెరిసి మోసం చేస్తాయని మేము డిస్టిల్డ్ వాటర్ వాడేవాళ్లం. అయితే అది గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుని స్వల్పంగా ఆమ్లమవుతుంది. రాతిపొడి కలిపి రాత్రంతా ఉంచితే, కొన్ని మైక్రాన్ల కాల్సైటు (సున్నపు ఖనిజం) పలకను తినివేయడానికి ఆ మాత్రం ఆమ్లత చాలు.

అందుకని ఆ నీటిలో పలుచని అమోనియా ద్రావణాన్ని చుక్కలుగా కలిపి పీహెచ్‌ను 8.5 దగ్గరకు తెచ్చి (కిటికీలు తెరవకపోతే ఆ ఘాటుకు నిలబడలేము), రాయి లోపలి తాజా భాగాన్ని చాకుతో గీకి, ఆ పొడిని పళ్లపుల్లతో కవర్ స్లిప్ మీద పలుచగా పులిమి, వెంటనే హాట్‌ప్లేటు మీద ఆరబెట్టాను. కొత్త స్లైడులో వెడల్పు రంధ్రాలు లేవు. కొత్త జాతి ప్రతిపాదనను విరమించుకున్నాము. ఇప్పుడు పలక పొడవు, వెడల్పు, రంధ్రపు కొలతల పక్కనే నీటి పీహెచ్‌ను కూడా నమోదు చేస్తున్నాము.