మీటరు ఎక్కువ తిరుగుతోందా? ముందు మెయిన్ ఆపి చూడండి

కరెంటు బిల్లు ఎక్కువొస్తే మనం ముందు తిట్టేది మీటరునే. విజయనగరంలో మా ఇంట్లోనూ అంతే, రెండు నెలలు మీటరు మార్పించాలని తిరిగాం, తీరా చూస్తే తప్పు ఇంటి వైరింగులో దొరికింది. ఆ సంగతి కాస్త పెద్దది, ముందు చిన్నవి చూసేద్దాం.

యూనిట్లు ఒక్కసారిగా పెరిగాయా? బిల్లు పట్టుకుని మీటరు దగ్గరికి వెళ్ళండి. బటన్ నొక్కితే తేదీ, టైము, వోల్టేజి అన్నీ ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి, పక్కన కేడబ్ల్యూహెచ్ అని ఉన్నదే మీ రీడింగు. 4567.8 అని ఉంటే 4567 యూనిట్లే, చుక్క తర్వాతది లెక్కలోకి రాదు. ఇవాళ మీటరులో ఉన్న అంకె బిల్లులో రాసిన దానికంటే తక్కువగా ఉంటే రీడింగు తప్పు తీసినట్టే, ఇక వాదించే పని లేదు. మీటరు నంబరు కూడా కనబడేలా ఫోటో తీసి కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి ఫోన్ చేయండి, లేదా సెక్షన్ ఆఫీసులో రాసివ్వండి. అపార్ట్‌మెంటులో మీటర్లన్నీ మెట్ల కింద వరసగా ఉంటాయి కాబట్టి మీటరు మీది నంబరూ బిల్లులోదీ ఒకటేనా అన్నది కూడా సరిచూసుకోండి.

తాళం వేసి ఉండటం వల్లో, 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు పలాస వైపు అయినట్టు రోజుల తరబడి అంతా అస్తవ్యస్తమైతేనో రీడింగు అందదు. అలాంటి నెలలో సగటు బిల్లు వేస్తే తర్వాతి నెలలో మిగతా యూనిట్లన్నీ కలిసొచ్చి యూనిట్ ధర ఎక్కువుండే పై శ్లాబులో పడే ప్రమాదం ఉంది. వాటిని నెలలకు పంచి లెక్కకట్టమని అడగండి, అది అడగాల్సిన మాటే.

ఇప్పుడు అసలు సంగతి. ఇంట్లో అన్నీ ఆపేసినా మీటరు మీది ఎర్ర లైటు వెలిగి ఆరుతోందా?

మాది రెండు పోర్షన్ల ఇల్లు, రెండు మీటర్లు. కాశీబుగ్గలో చుట్టాల పెళ్ళికని మూడు రోజులు వెళ్తూ ఫ్యూజు పీకేశాం, తిరిగొచ్చి చూస్తే 6 యూనిట్లు పెరిగి ఉన్నాయి. ఫ్యూజు లేకుండానే లైటు ఏడెనిమిది సెకన్లకోసారి వెలుగుతోంది, పక్క పోర్షన్‌లో ఫ్రిజ్ ఆగగానే నెమ్మదిస్తోంది. ఎలక్ట్రీషియన్‌ని పిలిస్తే మెట్ల దగ్గరి పాత స్విచ్ బోర్డు విప్పాడు. లోపల రెండు ఇళ్ళ న్యూట్రల్ వైర్లూ, అంటే కరెంటు తిరిగి వెళ్ళే వైర్లు, కలిపి మెలేసి ఉన్నాయి, పైన చుట్టిన టేపు ఎండిపోయి ముట్టుకుంటే రాలిపోతోంది.

కారణం ఏమిటంటే, ఇప్పటి సింగిల్ ఫేజు మీటర్లు చాలావరకు ఫేజులో (కరెంటు వచ్చే వైరులో), న్యూట్రల్‌లో వెళ్ళే కరెంటును రెండింటినీ కొలిచి ఏది ఎక్కువైతే దాన్ని లెక్కేస్తాయి. దొంగతనం ఆపడానికి పెట్టిన ఏర్పాటు అది. మా ఫ్యూజు ఫేజునే ఆపింది, న్యూట్రల్ అలాగే ఉంది, పక్కింటి కరెంటు తిరిగి వెళ్తూ కొంత మా న్యూట్రల్‌లోంచి పోయింది. వాళ్ళ బిల్లు మాత్రం తగ్గలేదు, ఎందుకంటే వాళ్ళ మీటరు ఫేజు వైపు మొత్తం లెక్కేసింది. ఒకే కరెంటుకి రెండిళ్ళూ డబ్బు కట్టాం, ఎన్నేళ్ళుగా కట్టామో తలుచుకుంటేనే బాధేస్తుంది. న్యూట్రళ్ళు విడదీయించి, ఫేజునీ న్యూట్రల్‌నీ కలిపి ఆపే డబుల్ పోల్ ఎంసీబీ (లోడు మించితే దానంతటదే పడిపోయే స్విచ్) పెట్టించాం, అంతటితో లైటు ఆగిపోయింది. రెండు పోర్షన్లకు ఒకే ఇన్వర్టరు ఉన్నచోట కూడా ఇదే చూడండి.

మీటరు మీద ఎర్త్ లైటు వెలుగుతుంటే న్యూట్రల్ కలిసిపోవడమైనా కావచ్చు, కరెంటు భూమిలోకి కారడమైనా కావచ్చు. ఎంసీబీలు ఒక్కొక్కటే దించుతూ రండి, ఏది దించితే ఆరిందో తప్పు ఆ లైనులో ఉంది. నీటి మోటారు, గీజరు, వానకు నానిన గోడ, ఇవే ముందు అనుమానించాల్సినవి. కారడమైతే షాక్ కొట్టే ప్రమాదం కూడా, ఆలస్యం చేయకండి, కరెంటు కారితే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్ పెట్టించండి. మీటరు సీలు మాత్రం ముట్టుకోవద్దు, కేసవుతుంది.

ఇంకా మీటరు మీదే అనుమానమైతే 1000 వాట్ల వాటర్ హీటర్ రాడ్ ఒక్కటే బకెట్ నీళ్ళలో పెట్టి మిగతావన్నీ ఆపండి. మీటరు మీద 3200 ఇంపల్స్ అని రాసి ఉంటే, అంటే ఒక యూనిట్‌కి ఎర్ర లైటు అన్నిసార్లు వెలిగేదైతే, నిమిషానికి 53 సార్లు వెలగాలి. ఊళ్ళో వోల్టేజి 210 ఉంటే 44 సార్లే వెలుగుతుంది, అది తప్పు కాదు, రాడ్ అంతే లాగుతుంది. 70, 80 దాటితే మీటరు టెస్టుకి దరఖాస్తు పెట్టండి.

జీడిపప్పు ఫ్యాక్టరీ, రైసు మిల్లు లాంటి చోట సీటీ మీటరైతే, అంటే పెద్ద కరెంటును ట్రాన్స్‌ఫార్మరుతో తగ్గించి కొలిచేదైతే, తెర మీది అంకెను నేరుగా యూనిట్లు అనుకోకండి. 100 ఆంపియర్లను 5కి తగ్గించే 100/5 సీటీ ఉండి మీటరు 5 ఆంపియర్లదే అయితే 20తో గుణించాలి, ఆ గుణకం బిల్లులో ఎంతుందో చూడండి. బిల్లు కేవీఏహెచ్ లెక్కన (మోటార్లు లాగి పనిలో పెట్టని కరెంటునూ కలిపిన లెక్క) వస్తుంటే, అది కేడబ్ల్యూహెచ్ కంటే బాగా ఎక్కువుంటే ఆ తేడాను తగ్గించే కెపాసిటరు పోయిందేమో చూపించండి. ఎండీ అన్న అంకె, అంటే నెలలో ఒకేసారి లాగిన గరిష్ఠ లోడు, మీ మంజూరు లోడు దాటుతుంటే మోటార్లన్నీ ఒకేసారి వేయకుండా ఒకటి ఆపాక ఇంకోటి వేయండి.