యూనివర్సిటీకి మొబైల్ వెబ్‌సైట్ చేయాలంటే ముందు పరీక్షల విభాగం కౌంటర్ దగ్గర నిలబడండి

యూనివర్సిటీ సైట్ ఫోన్‌లో సరిగ్గా తెరుచుకునేలా చేసిపెట్టమని పని మీ చేతికి వచ్చిందనుకోండి. ల్యాప్‌టాప్ తీయకముందే పరీక్షల విభాగం కౌంటర్ దగ్గరికి వెళ్లి ఒక పూట నిలబడండి, వచ్చినవాళ్లు ఏం అడుగుతున్నారో కాగితం మీద రాసుకోండి. ఫీజు ఆఖరి తేదీ ఎప్పుడు, లేట్ ఫీజుతో ఎప్పటిదాకా కట్టొచ్చు, హాల్ టికెట్ వచ్చిందా, సప్లిమెంటరీ రిజల్ట్స్ ఎప్పుడు, మెమోలో నాన్న పేరు తప్పు పడింది ఎవరిని కలవాలి, ప్రొవిజనల్ సర్టిఫికెట్‌కు ఏమేం జిరాక్స్‌లు పెట్టాలి... అటు తిప్పి ఇటు తిప్పి ఇవే వస్తాయి. ఆ కాగితాన్నే మీ హోమ్ పేజీగా మార్చండి.

మన దగ్గర ఇది ఇంకా ముఖ్యం. కాకతీయ విశ్వవిద్యాలయం 1976లో మొదలైంది, దాని అనుబంధ కాలేజీలు ఒక్క వరంగల్, హనుమకొండల్లోనే లేవు, చుట్టుపక్కల జిల్లాలన్నిటా ఉన్నాయి. ములుగులోనో మహబూబాబాద్‌లోనో డిగ్రీ చదివే పిల్లకు యూనివర్సిటీ అంటే చేతిలో ఉన్న ఫోన్‌లో కనిపించేదే. ఆ ఫోన్‌లో విషయం దొరక్కపోతే బస్సెక్కి హనుమకొండ రావాలి, లేదా నెట్ సెంటర్‌లో డబ్బులిచ్చి చూపించుకోవాలి. రెండూ ఖర్చే, పైగా ఆఖరి తేదీ ముందు రోజైతే టెన్షన్ కూడా.

చాలా సైట్లు ఫోన్‌లో తెరవగానే ముందు ఏం వస్తుంది? కదిలే పెద్ద ఫోటోలు, స్నాతకోత్సవం బ్యానర్, ఆ కింద దృక్పథం, లక్ష్యం అంటూ రెండు పేరాలు. వాటికి విలువ లేదని అనను, ‘మా గురించి’ పేజీలో పెడితే చదవాలనుకున్నవాళ్లు చదువుకుంటారు. మొదటి తెరలో మాత్రం నాలుగే ఉండాలి: రిజల్ట్స్, హాల్ టికెట్, ఫీజు, టైం టేబుల్. వాటి కింద తాజా నోటిఫికేషన్లు అయిదు, పైన వెతికే పెట్టె. ప్రతి డిపార్ట్‌మెంట్ వాళ్లూ మాది కూడా ముందు పేజీలో పెట్టండి అని అడుగుతారు, అడగడం సహజమే. మాటలతో వాదిస్తే పని కాదు. పాత సైట్ సర్వర్ లాగ్స్, అంటే ఎవరు ఏం తెరిచారో సర్వర్ రాసిపెట్టుకునే చిట్టా తీసి, గడిచిన ఏడాదిలో జనం ఏ పేజీలు తెరిచారో, వెతికే పెట్టెలో ఏం కొట్టారో వరుసగా ప్రింట్ తీసి మీటింగ్‌లో టేబుల్ మీద పెట్టండి. ఆ కాగితం చూశాక పట్టుబట్టేవాళ్లు బాగా తగ్గుతారు.

మొబైల్‌కు వేరే సైట్ చేద్దామా, యాప్ చేద్దామా అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. రెండూ వద్దు. ఒకే అడ్రస్, ఒకే పేజీ, తెర వెడల్పును బట్టి సర్దుకునే రెస్పాన్సివ్ డిజైన్ చాలు. వెబ్ డిజైనర్ ఈథన్ మార్కాట్ 2010లో ఆ పేరు పెట్టి రాసినప్పటి నుంచి దారి అదే. రెండు సైట్లు ఉంటే పరీక్ష వాయిదా నోటీసు ఒకదాంట్లో పడి రెండోదాంట్లో పడదు, అక్కడ నష్టపోయేది విద్యార్థి. గూగుల్ కూడా వెతుకులాటకు మొబైల్ పేజీనే చూస్తుంది. ఇక యాప్ సంగతి, సెమిస్టర్‌కు రెండు మూడు సార్లు చూసే దాని కోసం నిండిపోయిన ఫోన్‌లో ఫోటోలు తీసేసి ఎవరు దింపుకుంటారు చెప్పండి.

ఇప్పుడు కోడ్‌లోకి వద్దాం. పేజీ ఎంత వెడల్పున కనపడాలో బ్రౌజర్‌కు చెప్పే వ్యూపోర్ట్ మెటా ట్యాగ్ పెట్టండి, అందులో వెడల్పును డివైస్ విడ్త్‌కు, అంటే ఫోన్ తెర వెడల్పుకు ఇవ్వండి. అందులో జూమ్‌ను మాత్రం ఆపేయకండి, కళ్లు సరిగ్గా ఆనని తల్లిదండ్రులు కూడా చూస్తారు. డిజైన్ 360 పిక్సెల్ వెడల్పు నుంచి మొదలుపెట్టి పెద్ద తెరకు పెంచుకుంటూ వెళ్లండి, తిరగేసి చేస్తే చివర్లో అన్నీ ఇరుకవుతాయి. బటన్లు కనీసం 44 పిక్సెల్ ఎత్తు ఉండాలి. అక్షరానికీ వెనక రంగుకూ వెలుగులో తేడా (కాంట్రాస్ట్) 4.5:1 కంటే తగ్గకూడదు, ఇది ప్రపంచమంతా పాటించే యాక్సెసిబిలిటీ నియమం, అంటే చూపు తక్కువున్నవాళ్లు కూడా వాడగలిగేలా పెట్టిన నియమం. మే నెల ఎండలో బస్టాండ్ బయట నిలబడి తెల్లటి పేజీ మీద లేత బూడిద అక్షరాలు చదవాలని చూస్తే ఆ నియమం ఎందుకు పెట్టారో తెలిసిపోతుంది.

తెలుగు అక్షరాల గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ చెడిపోయేది అక్కడే. ఇంగ్లీషు కోసం పెట్టిన లైన్ హైట్‌తో, అంటే వరుస ఎత్తుతో తెలుగు వేస్తే ‘రిజిస్ట్రేషన్’లో ‘స్ట్రే’ కింద ఉన్న వత్తులు కింది వరుసకు తగులుతాయి, బటన్‌కు ఎత్తు బిగించి పెడితే సగానికి తెగిపోతాయి కూడా. లైన్ హైట్ 1.6 నుంచి 1.8 దాకా ఇవ్వండి, బటన్‌కు స్థిరమైన ఎత్తు బదులు కనీస ఎత్తు పెట్టి లోపల చుట్టూ ఖాళీ (ప్యాడింగ్) ఇవ్వండి. అక్షరాల మధ్య ఎడం పెంచే లెటర్ స్పేసింగ్ జోలికి పోకండి. పేజీకి భాష తెలుగు అని కోడ్‌లో చెప్పండి, లేకపోతే చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఆ అక్షరాలను తికమకగా చదువుతుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో తెలుగు ఫాంట్ ఎలాగూ ఉంటుంది కాబట్టి అందం కోసం ఇంకో ఫాంట్ దింపించకండి. డీటీపీలో వాడే అనూ ఫాంట్లలో టైప్ చేసిన పాత నోటీసులుంటే అన్ని ఫోన్లూ చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చి తీరాలి, మార్చకుండా పేజీలో అతికిస్తే వచ్చేది పిచ్చి గీతలే.

పీడీఎఫ్ దగ్గర మొహమాట పడకండి. సంతకం పెట్టిన సర్క్యులర్‌ను స్కాన్ చేసి, అది కాస్త పక్కకు ఒరిగి ఉంటే అలాగే అప్‌లోడ్ చేయడం చాలా ఆఫీసుల్లో అలవాటు. విద్యార్థి దాన్ని దింపుకుని, రెండు వేళ్లతో పెద్దది చేసి, పక్కకు జరుపుకుంటూ పట్టికలో తన గ్రూపు వరుస పట్టుకుని, తేదీ ఉన్న గడి దాకా వెళ్లేసరికి పై హెడ్డింగ్ కనపడకుండా పోతుంది, అది మామూలు ఫీజు తేదీనో లేట్ ఫీజు తేదీనో తెలియదు. స్కాన్ కాపీ ఉండనివ్వండి, దానికి విలువ ఉంది. దాని పైన మాత్రం ఎవరికి, ఆఖరి తేదీ ఎప్పుడు, ఎంత కట్టాలి అన్న మూడు వరుసలు మామూలు అక్షరాల్లో రాయండి. తేదీలో నెల పేరు అక్షరాల్లోనే ఉండాలి. మేడారం జాతర వల్ల పరీక్ష వాయిదా పడిందనుకోండి, కొత్త తేదీ లింకులోనే కనపడాలి. ‘ముఖ్య గమనిక’ అని మాత్రమే రాసి పెడితే తెరిచి చూసేదాకా విషయం తెలియదు.

రిజల్ట్స్ పేజీని మిగతా సైట్ నుంచి పూర్తిగా వేరు చేయండి. అందరూ ఒకేసారి మీద పడే రోజు అది. ఆ పేజీలో ఫోటోలు, కదిలే బ్యానర్లు ఏవీ వద్దు, హాల్ టికెట్ నంబర్, పుట్టిన తేదీ, బటన్, అంతే. పుట్టిన తేదీ ఎందుకంటే ఒకరి మార్కులు పక్కింటివాళ్లు నంబర్ ఊహించి చూడకూడదు. విడుదలయ్యాక రీవాల్యుయేషన్ దాకా మార్కులు మారవు కాబట్టి ముందు రోజే అన్నీ సర్వర్ మెమరీలోకి ఎక్కించి పెట్టుకోండి, ప్రతి విద్యార్థికీ మార్కులు దాచిన డేటాబేస్‌ను కదిలిస్తే అది మొరాయిస్తుంది. నంబర్ గడి నొక్కగానే అంకెల కీబోర్డే రావాలి. ఆ గడిలో అక్షరాల సైజు 16 పిక్సెల్ కంటే తగ్గితే, గడి నొక్కగానే ఐఫోన్‌లో పేజీ దానంతట అదే జూమ్ అవుతుంది. నంబర్ మధ్య గీత పెట్టినా పెట్టకపోయినా, ఖాళీ వదిలినా తీసుకోండి, ‘ఇన్‌వాలిడ్’ అని ఎర్రగా చూపించి భయపెట్టడం దేనికి?

ఫీజు కట్టే చోట ఇంకా జాగ్రత్త. యూపీఐతో కట్టేటప్పుడు బ్రౌజర్ నుంచి ఇంకో యాప్‌లోకి వెళ్లి తిరిగి రావాలి, ర్యామ్ తక్కువున్న ఫోన్‌లో ఈలోగా మీ పేజీ మాయమవుతుంది. డబ్బులు కట్ అవుతాయి, పేజీ మాత్రం ఫెయిల్ అంటుంది, పాపం పిల్లవాడు మళ్లీ కడతాడు. అందుకే పేమెంట్ అయిందా లేదా అన్నది బ్రౌజర్ తిరిగొచ్చిన దాన్ని బట్టి తేల్చకండి, డబ్బులు తీసుకునే పేమెంట్ గేట్‌వే నుంచి నేరుగా మీ సర్వర్‌కు వచ్చే సమాచారాన్ని బట్టి తేల్చండి. ‘డబ్బులు కట్ అయితే మళ్లీ కట్టకండి, ఇక్కడ చూసుకోండి’ అని పెద్ద అక్షరాల్లో రాసి, హాల్ టికెట్ నంబర్ కొడితే స్టేటస్ చూపించే పేజీ ఒకటి తప్పకుండా పెట్టండి.

వేగానికి గూగుల్ చెప్పిన కొలత ఒకటుంది, పేజీలో ముఖ్యమైన భాగం 2.5 సెకన్లలోపు కనపడాలి. ఆఫీసు వైఫై మీద చూసి సంతోషపడకండి. క్రోమ్‌లో నెట్‌వర్క్ నెమ్మది చేసి చూడండి, ఆ తర్వాత పాత చవక ఫోన్ ఒకటి పట్టుకుని సిగ్నల్ వచ్చీ రానట్టుండే ఊరికి వెళ్లి చూడండి, తాడ్వాయి, ఏటూరునాగారం వైపు వెళ్లేవాళ్లుంటే వాళ్ల చేతికిచ్చి పంపినా సరే. ఫోటోలు సైజు తగ్గించే వెబ్‌పీ ఫార్మాట్‌లోకి మార్చండి, కిందివి జనం కిందికి వచ్చినప్పుడే దిగేలా పెట్టండి. టైం టేబుల్ పేజీకి సర్వీస్ వర్కర్, అంటే పేజీని ఫోన్‌లోనే దాచిపెట్టే చిన్న కోడ్ రాస్తే ఒకసారి తెరిచినవాళ్లకు సిగ్నల్ లేకపోయినా కనపడుతుంది, ఏ రోజున దాచుకున్న కాపీనో మాత్రం పైన చూపించాలి.

పని అయిపోయి మీరు వెళ్లిపోయాక సైట్ నడిపేది సెక్షన్‌లోని సీనియర్ అసిస్టెంట్ గారు. ఆయన కోసం నాలుగు గడుల ఫారం చేయండి: నోటీసు పేరు, ఎవరికి, ఆఖరి తేదీ, ఫైల్. అది ఫోన్‌లోనూ పనిచేయాలి, ఎందుకంటే వాయిదా కబురు రాత్రి పూట కూడా వస్తుంది. ఆఖరి తేదీ దాటిన నోటీసు దానంతట అదే పాతవాటిలోకి వెళ్లిపోవాలి. అప్పగించే ముందు ఆయన చేతే రెండు మూడు నోటీసులు వేయించండి, మీరు పక్కన కూర్చుని చెప్పకుండా చూస్తూ ఉండండి, ఆయన ఎక్కడ ఆగితే అక్కడ ఫారం మార్చండి.